ఇంట్లో కట్టుకునే సీఎన్‌సీకి డ్రైవర్, కంట్రోలర్ ఎంచుకోవడం ఎలా?

సీఎన్‌సీ (కంప్యూటర్ ఆజ్ఞలతో కోసే యంత్రం) ఫ్రేమ్ కట్టేశాను, మోటార్లు కొనేశాను, ఇప్పుడు ఏ బోర్డు తీసుకోవాలి? ఈ ప్రశ్న అడిగేవాళ్లలో సగంమంది అప్పటికే ఆర్డునో (ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న బోర్డు), దాని మీద కూర్చునే షీల్డు, నాలుగు చిన్న డ్రైవర్ ముక్కలు కలిపి అమ్మే కిట్ కొనేసి ఉంటారు. ఆ కిట్ చెడ్డదేం కాదు. కానీ నీమా 23 మోటార్లకు (నీమా అంటే అడుగు అడుగుగా తిరిగే స్టెప్పర్ మోటార్ల సైజు పేరు) అందులోని డ్రైవర్లు సరిపోవు.

అసలు చిక్కు కొనే వరుసలో ఉంది. బోర్డుతో మొదలుపెట్టి మోటారు దగ్గరికి వెళ్తే ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది. మోటారు నుంచి వెనక్కి రావాలి: మోటారు, డ్రైవర్, వోల్టేజ్, పల్స్ లెక్క, చివర్లో కంట్రోలర్. ఈ వ్యాసం అదే వరుసలో నడుస్తుంది.

లెక్కలకు ఒక యంత్రాన్ని అనుకుందాం. చెక్క, ఎండీఎఫ్, యాక్రిలిక్ కోసే రూటర్. నేమ్ బోర్డులు, చిన్న తలుపు పలకలు చెక్కడానికి సరిపడే సైజు. నాలుగు నీమా 23 మోటార్లు: ఎక్స్‌కు ఒకటి, వైకి రెండు వైపులా రెండు, జెడ్‌కు ఒకటి. అన్నిటికీ 1605 బాల్ స్క్రూ, అంటే 16 మి.మీ. మందం, ఒక చుట్టుకు 5 మి.మీ. ప్రయాణం.

## 1. మూడు పెట్టెలను వేరుగా చూడండి

కంట్రోలర్ జీ-కోడ్ (టూల్ ఎటు, ఎంత కదలాలో చెప్పే ఆజ్ఞలు) చదివి "ఇన్ని అడుగులు, ఇటువైపు" అని పల్స్‌లు పంపుతుంది. డ్రైవర్ ఆ పల్స్‌లు అందుకుని మోటారు చుట్టల్లోకి అసలు కరెంట్ పంపుతుంది. ఎస్‌ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును డీసీగా మార్చే పవర్ సప్లయ్, డ్రైవర్‌కు విద్యుత్తు ఇస్తుంది.

మోటారు బలం, వేగం, వేడి డ్రైవర్ మీద, ఎస్‌ఎంపీఎస్ మీద ఆధారపడతాయి. కంట్రోలర్ ఎంత ఖరీదైనదైనా మోటారుకు ఒక్క ఆంపియర్ కూడా ఎక్కువ ఇవ్వదు. డబ్బు పరిమితంగా ఉంటే డ్రైవర్ మీద ఖర్చు పెట్టి, కంట్రోలర్ దగ్గర పొదుపు చేయండి.

## 2. మోటారు లేబుల్ చదవండి

కాగితం మీద ఇవి రాసుకోండి:

□ ఒక్కో ఫేజ్‌కు (చుట్టకు) ఎన్ని ఆంపియర్లు
□ ఇండక్టెన్స్ (కరెంట్ మార్పును చుట్ట ఎంత అడ్డుకుంటుందో) ఎన్ని మిల్లీహెన్రీలు
□ వైర్లు నాలుగా, ఆరా, ఎనిమిదా
□ హోల్డింగ్ టార్క్ (ఆగి ఉన్నప్పుడు షాఫ్ట్‌ను పట్టి ఉంచే బలం)

మన షాపులు టార్క్‌ను కేజీ-సెం.మీ.లో చెబుతాయి, డేటాషీట్లు న్యూటన్-మీటర్లలో ఇస్తాయి. 10 కేజీ-సెం.మీ. అంటే దాదాపు 0.98 న్యూటన్-మీటర్. ఈ లెక్క తెలియక రెండు షాపుల్లో ఒకే మోటారును వేర్వేరు అనుకునేవాళ్లున్నారు.

ఇండక్టెన్స్ లేబుల్ మీద సాధారణంగా ఉండదు. మోడల్ నంబరుతో డేటాషీట్ వెతకండి. దొరకకపోతే ఆ మోటారును వదిలేసి వేరేది చూడటమే మంచిది. టార్క్ ఎక్కువ అని పొడుగాటి మోటారు కొంటే ఇండక్టెన్స్ కూడా పెరుగుతుంది. అలాంటి మోటారు నిలబడి ఉన్నప్పుడు బలంగా ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ నీరసిస్తుంది.

వైర్ల రంగులను నమ్మకండి. ఏ రెండు వైర్లు ఒక చుట్టకు చెందినవో మల్టీమీటర్ కంటిన్యుటీలో తేల్చుకోండి. మీటర్ లేకపోతే రెండు వైర్ల కొసలు కలిపి మెలిపెట్టి షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. ఒక్కసారిగా బిగుసుకుంటే అవి రెండూ జత.

మన ఉదాహరణ మోటారు: 2.8 ఆంపియర్లు, 2.5 మిల్లీహెన్రీలు, నాలుగు వైర్లు.

## 3. డ్రైవర్ ఎంచుకోండి

ఎక్కువ తప్పులు జరిగే మెట్టు ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

ఏ4988. 35 వోల్టుల వరకు తట్టుకుంటుంది. హీట్‌సింక్ లేకుండా సుమారు 1 ఆంపియర్, గాలి బాగా తగిలితే 2. నీమా 17కు సరే.

డీఆర్‌వీ8825. 45 వోల్టులు, హీట్‌సింక్ లేకుండా 1.5 ఆంపియర్లు, చల్లబరిస్తే 2.2. ఇది కూడా నీమా 17 సరుకే.

టీఎంసీ2209. చప్పుడు చాలా తక్కువ. కానీ గరిష్ఠం 29 వోల్టులే. 24 వోల్టులకు కొని, తర్వాత బలం చాలట్లేదని 36 వోల్టుల సప్లయ్ తగిలిస్తే ఆ రోజుతో సరి.

2.8 ఆంపియర్ల మోటారుకు పై మూడింటిలో ఏదీ తగదు. "ప్రస్తుతానికి నడిపిద్దాం" అని తగిలిస్తే మోటారు తిరుగుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు బాగానే అనిపిస్తుంది. టూల్ చెక్కలోకి దిగగానే అడుగులు తప్పుతుంది.

టీబీ6600. నల్ల పెట్టెలో, పక్కన ఫిన్లతో, తక్కువ ధరకు దొరుకుతుంది. పెట్టె మీద 4 ఆంపియర్లు, 42 వోల్టులు అని ఉంటుంది. ఆ పేరుతో అమ్మే పెట్టెల్లో చాలావాటిలో లోపల ఉండే చిప్ వేరు. 24 వోల్టుల్లో, 2 నుంచి 2.5 ఆంపియర్ల దగ్గర నిదానంగా నడిచే యంత్రానికి పర్వాలేదు. 36 వోల్టులు పెట్టి పూర్తి వేగం అడగాలనుకుంటే దీన్ని తీసుకోవద్దనే చెబుతాను.

డీఎం542. 20 నుంచి 50 వోల్టులు, పీక్ 4.2 ఆంపియర్లు. డిజిటల్ డ్రైవర్ కాబట్టి మోటారు నున్నగా తిరుగుతుంది, గుర్రుమనే చప్పుడు తగ్గుతుంది. టీబీ6600 కంటే ఖరీదు ఎక్కువే, కానీ నీమా 23 యంత్రానికి పెట్టాల్సిన చోట పెట్టే డబ్బు ఇది. మన ఉదాహరణకు నా ఎంపిక ఇదే.

నీమా 34 వాడేవాళ్లు డీఎం860 తరగతికి వెళ్లాలి. ఎల్298ఎన్ బోర్డు చాలామంది ఇళ్లలో రోబోటిక్స్ కిట్ నుంచి మిగిలి ఉంటుంది. అది మోటారు కరెంట్‌ను నియంత్రించదు, సీఎన్‌సీకి పనికిరాదు. పాత టీబీ6560 నీలి బోర్డు ఉచితంగా ఇచ్చినా పక్కన పెట్టండి.

ఎన్‌కోడర్ (షాఫ్ట్ ఎంత తిరిగిందో చూసే సెన్సర్) ఉన్న క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లు కూడా ఉన్నాయి. అడుగు తప్పితే డ్రైవరే గుర్తించి సరిచేస్తుంది, సరిచేయలేకపోతే అలారం ఇస్తుంది. ఆ అలారం వైరును కంట్రోలర్‌కు కలిపి యంత్రం ఆగేలా చేస్తేనే దానికి పూర్తి ప్రయోజనం. ఆ వైరు కలపని యంత్రంలో ఒక మోటారు ఆగిపోయినా మిగతా రెండు అక్షాలు పని సాగిస్తూ చెక్కను పాడుచేస్తాయి. మొదటి యంత్రానికి మామూలు స్టెప్పర్ చాలు.

## 4. వోల్టేజ్, ఎస్‌ఎంపీఎస్ లెక్క

మోటారు లేబుల్ మీద 2 లేదా 3 వోల్టులని చూసి 36 వోల్టులు ఇస్తే కాలిపోతుందని టెన్షన్ పడేవాళ్లున్నారు. కాలదు. ఈ డ్రైవర్లు కరెంట్‌ను సెట్ చేసిన దగ్గరే ఆపుతాయి. వోల్టేజ్ ఎక్కువ ఉంటే ఆ కరెంట్ చుట్టలోకి తొందరగా చేరుతుంది, వేగంలో కూడా బలం నిలుస్తుంది.

గరిష్ఠ వోల్టేజ్‌కు అందరూ వాడే సూత్రం: 32ను ఇండక్టెన్స్ వర్గమూలంతో గుణించడం. 2.5కు వర్గమూలం 1.58. దాన్ని 32తో గుణిస్తే దాదాపు 50 వోల్టులు. ఇది పై హద్దు మాత్రమే, అక్కడికి చేరాలని లేదు.

డీఎం542కు కూడా 50 వోల్టులే హద్దు. 48 వోల్టుల సప్లయ్ పెడితే, బరువైన గ్యాంట్రీ (టూల్‌ను మోస్తూ కదిలే అడ్డ చట్రం) ఒక్కసారిగా ఆగినప్పుడు మోటారు వెనక్కి పంపే వోల్టేజ్‌కు చోటుండదు. 36 వోల్టులు పెట్టి నిశ్చింతగా ఉండండి.

ఇక ఆంపియర్లు. నాలుగు మోటార్లు, ఒక్కోటి 2.8, మొత్తం 11.2. ఇలా కరెంట్‌ను కత్తిరిస్తూ ఇచ్చే చాపర్ డ్రైవర్లు సప్లయ్ నుంచి అంత లాగవు, మూడింట రెండు వంతులు లెక్కేస్తే చాలు. అంటే 7.5 ఆంపియర్లు. 36 వోల్టులు, 350 వాట్ల ఎస్‌ఎంపీఎస్ 9.7 ఆంపియర్లు ఇస్తుంది, సరిపోతుంది.

కొన్నాక మొదట చూడాల్సింది పక్కన రంధ్రంలో ఉండే 115/230 స్విచ్. మన దేశంలో అది 230 వైపే ఉండాలి. 115 మీద ఉంచి ప్లగ్ పెడితే ఢామ్మని పేలుతుంది. స్విచ్ లేని మోడళ్లు కూడా ఉన్నాయి, లేబుల్ చూడండి.

## 5. పల్స్ లెక్క

ఒక మి.మీ. కదలడానికి ఎన్ని పల్స్‌లు కావాలి? మోటారు ఒక చుట్టుకు వేసే 200 అడుగులను మైక్రోస్టెప్‌తో (ఒక్కో అడుగును డ్రైవర్ ఎన్ని ముక్కలు చేస్తుందో ఆ అంకెతో) గుణించి, స్క్రూ ఒక చుట్టుకు కదిలే దూరంతో భాగించాలి.

- 1605 బాల్ స్క్రూ, 8 మైక్రోస్టెప్‌లు: 200 × 8 ÷ 5 = 320
- 8 మి.మీ. కదిలే టీ8 లీడ్ స్క్రూ, 8 మైక్రోస్టెప్‌లు: 200
- జీటీ2 బెల్ట్, 20 పళ్ల పుల్లీ, 8 మైక్రోస్టెప్‌లు: 40

ఇప్పుడు వేగం. నిమిషానికి 3000 మి.మీ. అంటే సెకనుకు 50. 320 × 50 = 16,000 పల్స్‌లు. ఆర్డునో ఊనో మీద నడిచే జీఆర్‌బీఎల్ (జీ-కోడ్‌ను పల్స్‌లుగా మార్చే ఉచిత ప్రోగ్రాం) సుమారు 30,000 వరకు పంపగలదు. అంటే హాయిగా సరిపోతుంది.

అదే మనిషి "ఎక్కువ మైక్రోస్టెప్ ఉంటే ఖచ్చితత్వం ఎక్కువ" అనుకుని 32 పెట్టాడనుకోండి. మి.మీ.కి 1280, సెకనుకు 64,000. ఊనో చేతులెత్తేస్తుంది. పైగా ఖచ్చితత్వం పెరగదు. 8 మైక్రోస్టెప్‌ల దగ్గరే ఒక్కో అడుగు 0.003 మి.మీ., ఇంట్లో కట్టిన ఫ్రేమ్ అంతకంటే ఎక్కువే ఊగుతుంది. 8 పెట్టండి, బెల్ట్ యంత్రమైతే 16.

## 6. ఇప్పుడు కంట్రోలర్

ఆర్డునో ఊనో, జీఆర్‌బీఎల్ 1.1. మూడు అక్షాల రూటర్‌కు ఇప్పటికీ చాలు. చవక, ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో సాయంత్రం వెళ్లి తెచ్చుకోవచ్చు, పాడైతే మరునాడు ఇంకోటి. నాలుగో అక్షం లేదు. మామూలు సెట్టింగ్‌లో వై మోటార్లు రెండిటికీ ఒకే సిగ్నల్ వెళ్తుంది కాబట్టి గ్యాంట్రీ వంకరను అది తనంతట తాను సరిచేయలేదు.

ఈఎస్‌పీ32 మీద ఫ్లూయిడ్‌ఎన్‌సీ, లేదా వేగవంతమైన బోర్డు మీద జీఆర్‌బీఎల్‌హాల్. రెండూ జీఆర్‌బీఎల్ లాంటి ప్రోగ్రాములే. రెండు వై మోటార్లకు వేర్వేరు లిమిట్ స్విచ్‌లు (అక్షం చివరికి చేరగానే నొక్కుకునేవి) పెట్టి గ్యాంట్రీని తిన్నగా చేసుకునే వీలు, ఎక్కువ పల్స్ వేగం. ఫ్లూయిడ్‌ఎన్‌సీలో వైఫై కూడా వస్తుంది. మన ఉదాహరణ యంత్రానికి వై రెండు మోటార్లతో ఉంది కాబట్టి నేనైతే ఇటే వెళ్తాను. ఒక్క జాగ్రత్త: ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3 వోల్టుల సిగ్నల్, డీఎం542కు 5 వోల్టులు కావాలి. మధ్యలో 74హెచ్‌సీటీ245 లాంటి బఫర్ (సిగ్నల్‌ను 5 వోల్టులకు పెంచే చిప్) ఉన్న బోర్డే కొనండి.

లినక్స్‌సీఎన్‌సీ. కంప్యూటర్‌నే కంట్రోలర్‌గా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్. పాత డెస్క్‌టాప్, ప్యారలల్ పోర్టు ఉంటే పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టొచ్చు. ముందు లేటెన్సీ టెస్ట్ (కంప్యూటర్ ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో చూసే పరీక్ష) నడపండి. నేర్చుకోవడానికి ఓపిక కావాలి.

మాక్3. విండోస్‌లో నడిచే అలాంటి సాఫ్ట్‌వేర్. మన ఊళ్లలో చెక్కే షాపుల వాళ్లకు బాగా అలవాటు, పక్కన సాయం చేసేవాళ్లు దొరుకుతారు. ప్యారలల్ పోర్టుతో అయితే 32 బిట్ విండోస్‌లోనే నడుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీని జోలికి వెళ్లనక్కర్లేదు.

## 7. డబ్బు కట్టేముందు

□ డ్రైవర్ ఆంపియర్లు మోటారు రేటింగ్ కంటే ఎక్కువున్నాయా
□ సప్లయ్ వోల్టేజ్‌కూ డ్రైవర్ హద్దుకూ మధ్య కనీసం పదోవంతు ఖాళీ ఉందా
□ కావాల్సిన పల్స్ వేగం కంట్రోలర్ ఇవ్వగలదా
□ కంట్రోలర్‌లో బయటి డ్రైవర్లకు స్క్రూ టెర్మినళ్లు ఉన్నాయా
□ లిమిట్ స్విచ్‌లకు, ప్రోబ్‌కు (టూల్ ఎత్తు కొలిచేది), స్పిండిల్‌కు (టూల్‌ను తిప్పే మోటారు), ఎమర్జెన్సీ స్టాప్‌కు చోటుందా
□ ఒక డ్రైవర్ అదనంగా కొన్నారా (పని మధ్యలో పోతే కొరియర్ వచ్చేదాకా యంత్రం మూలన పడుతుంది)

## 8. వైరింగ్ వరుస

1. ఎస్‌ఎంపీఎస్‌కు ఒక్కదానికే విద్యుత్తు ఇచ్చి, అవుట్‌పుట్ ఎంత ఉందో, ఏది ప్లస్, ఏది మైనస్ మీటర్‌తో చూడండి. ప్లస్, మైనస్ తారుమారైతే డ్రైవర్ అక్కడికక్కడే పోతుంది.

2. మెయిన్ ఆపి, ఎల్‌ఈడీ ఆరేదాకా ఆగండి. ప్రతి డ్రైవర్‌కూ ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరుగా రెండు వైర్లు లాగండి. ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా కలపొద్దు.

3. మోటారు వైర్లు బిగించండి. విద్యుత్తు ఉండగా మోటారు వైరు ఊడకూడదు, ఊడితే డ్రైవర్ చచ్చిపోతుంది. స్క్రూలు బిగించాక ఒక్కో వైరును లాగి చూడండి.

4. సిగ్నల్ వైర్లు. ఈ పిన్‌లు, కింద వచ్చే $ సెట్టింగులు ఊనో-జీఆర్‌బీఎల్‌వి; వేరే బోర్డు అయితే దాని సొంతవి చూసుకోండి. ఊనోలో 2, 3, 4 పిన్‌లు ఎక్స్, వై, జెడ్ పల్స్‌లు. 5, 6, 7 దిశలు. వీటిని డ్రైవర్ పల్స్ ప్లస్, దిశ ప్లస్‌లకు ఇవ్వండి. మైనస్‌లన్నీ ఆర్డునో గ్రౌండ్‌కు. ఎనేబుల్ టెర్మినళ్లు ఖాళీగా వదిలేస్తే డీఎం542 ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, మొదట అలాగే ఉంచండి.

5. రెండో వై మోటారు ఎదురు దిశలో తిరగాలంటే దానికి ఒక చుట్ట రెండు వైర్లను మాత్రమే అటుఇటు మార్చండి.

6. లిమిట్ స్విచ్‌లను ఎన్‌సీ (నొక్కనప్పుడు కలిసి ఉండే) పద్ధతిలో కలపండి, జీఆర్‌బీఎల్‌లో $5=1, $21=1 పెట్టండి. వైరు తెగితే యంత్రం వెంటనే అలారం ఇచ్చి ఆగుతుంది. ఎన్‌ఓలో (నొక్కితేనే కలిసే పద్ధతిలో) కలిపితే తెగిన సంగతి గ్యాంట్రీ చివరికి గుద్దుకున్నాకే తెలుస్తుంది.

7. స్పిండిల్ కేబుల్, మోటారు కేబుళ్లు ఒక దారిన. లిమిట్ వైర్లు, యూఎస్‌బీ ఇంకో దారిన. షీల్డ్ (లోహపు తొడుగు) ఉన్న కేబుల్ వాడితే షీల్డ్‌ను కంట్రోల్ పెట్టె వైపు మాత్రమే ఎర్త్ చేయండి.

ఎర్త్ గురించి ఒక మాట. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, మూడో పిన్ను వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని మార్చే పెట్టె) ఉన్న స్పిండిల్ తగిలించండి.

## 9. మొదటిసారి నడపడం

కరెంట్ సెట్టింగ్‌తో మొదలుపెట్టండి. డీఎం542 మీద పట్టికలో పీక్, ఆర్‌ఎంఎస్ అని రెండు వరుసలుంటాయి. 2.8 ఆంపియర్ల మోటారుకు పీక్ 2.84 దగ్గర మొదలుపెట్టండి. బలం చాలకపోతే 3.31, ఆ తర్వాత 3.76. అరగంట నడిపాక మోటారు చేయి పెట్టలేనంత వేడెక్కితే ఒక మెట్టు కిందికి దించండి. 60 డిగ్రీల వేడి స్టెప్పర్‌కు మామూలే. నాలుగో స్విచ్ ఆఫ్‌లో ఉంటే మోటారు ఆగి ఉన్నప్పుడు కరెంట్‌ను సగం చేస్తుంది, దాన్ని ఆ స్థితిలోనే ఉంచండి.

తర్వాత ఈ వరుస:

□ $100, $101, $102లో (ఎక్స్, వై, జెడ్‌లకు మి.మీ.కి పల్స్‌లు) 320
□ గరిష్ఠ వేగం 500, యాక్సిలరేషన్ 10 దగ్గరే ఉంచి ఒక్కో అక్షం 10 మి.మీ. కదపడం
□ దిశ తప్పితే $3తో మార్చడం
□ స్విచ్‌లను వేలితో నొక్కి, ఏ అక్షానిది ఏదో సరిచూడటం
□ $22=1 పెట్టి హోమింగ్ (స్విచ్ తగిలేదాకా వెళ్లి యంత్రం తన స్థానం కనుక్కోవడం), మొదటిసారి చేయి ఎమర్జెన్సీ స్టాప్ మీదే
□ వేగాన్ని 500 చొప్పున పెంచుతూ, మోటారు కీచుమని ఆగిపోయే హద్దు కనుక్కోవడం
□ ఆ హద్దులో మూడింట రెండు వంతులు శాశ్వతంగా పెట్టడం
□ యాక్సిలరేషన్‌కూ ఇదే పద్ధతి

100 మి.మీ. కదలమంటే 99.2 మాత్రమే కదిలితే? బెల్ట్ యంత్రంలో పాత విలువను 100తో గుణించి 99.2తో భాగించి సరిచేయొచ్చు. బాల్ స్క్రూ యంత్రంలో అంత తేడా వస్తే అంకె మార్చొద్దు. కప్లింగ్ జారుతోందేమో, మైక్రోస్టెప్ స్విచ్ తప్పుగా ఉందేమో చూడండి.

## 10. తరచూ వచ్చే తంటాలు

మోటారు తిరగకుండా వణుకుతోంది. చుట్టల జతలు కలిసిపోయాయి. మోటారు లేబుల్ గురించి చెప్పిన రెండో భాగానికి వెళ్లండి.

ఖాళీగా బాగుంది, కోసేటప్పుడు జారుతోంది. మొదట యాక్సిలరేషన్ సగం చేయండి. అప్పటికీ జారితే కరెంట్ సెట్టింగ్, తర్వాత స్క్రూ బిగుతు. మోటారు ఊడదీసి స్క్రూను చేత్తో తిప్పితే ఎక్కడ పట్టేస్తోందో తెలిసిపోతుంది. డ్రైవర్‌ను తిట్టేముందు ఈ పని చేయండి, చాలాసార్లు దోషి ఫ్రేమే.

గంటసేపు చెక్కాక ఒకే వైపుకు కొంచెం కొంచెంగా పక్కకు జరిగింది. ఇది జారడం కాదు. దిశ మారిన ప్రతిసారీ ఒక అడుగు పోతోంది. డ్రైవర్ పల్స్ ఏ అంచున అడుగు వేస్తుందో, కంట్రోలర్ ఆ అంచుకు ముందు దిశ మార్చాలి. వైరింగ్ వల్ల అంచు తలకిందులైతే ఈ తేడా వస్తుంది. $2తో పల్స్ ధ్రువాన్ని మార్చి అదే పనిని గాలిలో నడిపి చూడండి. మెకానికల్ దోషమనుకుని స్క్రూలు మార్చిపారేసేవాళ్లు ముందు ఇది చూస్తే డబ్బు మిగులుతుంది.

స్పిండిల్ ఆన్ చేయగానే లిమిట్ అలారం. వీఎఫ్‌డీ నాయిస్. స్పిండిల్ కేబుల్ షీల్డ్‌ను ఎర్త్ చేయండి, లిమిట్ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. తగ్గకపోతే ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను కాంతితో దాటించే చిప్) బోర్డు.

పని మధ్యలో యూఎస్‌బీ తెగిపోతోంది. ఫెరైట్ (నాయిస్‌ను ఆపే నల్ల గుండు) ఉన్న పొట్టి కేబుల్ వాడండి. దుమ్ము లాగే వ్యాక్యూమ్ గొట్టంలో పుట్టే స్టాటిక్ కూడా ఈ పని చేస్తుంది, గొట్టం వెంట ఒక రాగి తీగ చుట్టి ఎర్త్‌కు కలపండి.

ఒక్కసారిగా ఆగినప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఆరిపోతోంది. మోటార్లు వెనక్కి పంపే వోల్టేజ్‌కు సప్లయ్ రక్షణలోకి వెళ్తోంది. యాక్సిలరేషన్ తగ్గించండి.

కరెంటు పోయింది. ఎండాకాలంలో ఇది తప్పదు. హోమింగ్ స్విచ్‌లు ఉంటే పని పాడవదు. విద్యుత్తు రాగానే జెడ్‌ను పైకెత్తి, టూల్ చెక్కలో ఇరుక్కుపోలేదని చూసి, హోమింగ్ చేయండి. జీ54 సున్నా (చెక్క మీద మీరు పెట్టుకున్న మొదలు బిందువు) బోర్డు మెమరీలోనే ఉంటుంది. ఆగిన లైనుకు కొంచెం ముందు టూల్ పైకి లేచే చోటు చూసుకుని, స్పిండిల్ ఆన్ చేసే ఆజ్ఞ, యూనిట్ల ఆజ్ఞ, ఫీడ్ వేగం పైన చేర్చి అక్కడి నుంచి నడపండి. చెక్కను బిగించిన క్లాంపులు మాత్రం అంతవరకు విప్పకండి.